పిలిచినా పలకని పది సెకన్లు

తెలుగు సారు డిక్టేషన్ చెబుతున్నారనుకోండి. "గోదావరి నాసిక్ దగ్గర పుట్టి, మహారాష్ట్రను దాటి, తెలంగాణలో ప్రవేశించి, భద్రాచలం మీదుగా సముద్రం వైపు సాగుతుంది." తరగతి అంతా తలలు వంచుకుని రాస్తోంది. ముందు బెంచీలో కూర్చున్న చిన్నపిల్ల నోటుపుస్తకంలోకి ఒకసారి తొంగిచూడండి. "గోదావరి నాసిక్ దగ్గర పుట్టి" అని గుండ్రంగా రాసింది. ఆ తరువాత కలం గీత కాస్త కిందికి జారింది. ఆపైన "సముద్రం వైపు సాగుతుంది" అని మళ్ళీ గుండ్రంగానే ఉంది. మధ్యలో మహారాష్ట్ర లేదు, తెలంగాణ లేదు, చివరికి మన భద్రాచలం కూడా లేదు!

"ఏమ్మా, నిద్రపోతున్నావా?" అని సారు గద్దిస్తారు. ఆ పిల్ల తెల్లబోయి చూస్తుంది. తాను నిద్రపోలేదని ఆమెకు తెలుసు. కాని మధ్యలో మాటలు తాను విననే లేదన్న సంగతి మాత్రం ఆమెకు తెలియదు.

ఎన్ని మాటలు పోయాయన్నది అంత ముఖ్యం కాదు. అవి పోయిన తీరు చూడండి. శ్రద్ధ లేనివాడు అక్కడొక మాట, ఇక్కడొక ఒత్తు వదిలేస్తాడు. ఇక్కడ అలా కాదు. కత్తెరతో కత్తిరించి తీసేసినట్టు కొన్ని సెకన్ల పాఠం మాయమయింది. దానికి ముందూ వెనకా అంతా సవ్యంగానే ఉంది.

దీనికి వైద్యులు పెట్టిన పేరు చైల్డ్‌హుడ్ ఆబ్సెన్స్ ఎపిలెప్సీ. చైల్డ్‌హుడ్ అంటే బాల్యం. ఎపిలెప్సీ అంటే మూర్ఛ. ఇక ఆబ్సెన్స్ అంటే ఏమిటో బడికి వెళ్ళేవాళ్ళకు వేరే చెప్పాలా? గైర్హాజరు! హాజరుపట్టీలో ఆ పిల్ల పేరు ఎదుట హాజరని పడుతుంది. కాని ఆ పది సెకన్లు ఆమె మెదడు గైర్హాజరు.

ఈ జబ్బు సాధారణంగా 4 నుంచి 10 ఏళ్ళ లోపు మొదలవుతుంది. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో కొంచెం ఎక్కువ. ఆడుతున్నా, మాట్లాడుతున్నా, అన్నం తింటున్నా ఉన్నట్టుండి ఆగిపోతారు. చూపు ఒకచోట నిలిచిపోతుంది. కనురెప్పలు కొద్దిగా అదరవచ్చు, పెదవులు కదలవచ్చు. కింద పడిపోరు, కేక వేయరు. పది సెకన్లో, ఇరవై సెకన్లో గడిచాక, ఏమీ జరగనట్టే ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెడతారు. రోజుకు ఒకసారో రెండుసార్లో అయితే సరేననుకోవచ్చు. వైద్యం లేకపోతే పదులసార్లు, కొందరికి వందసార్ల దాకా వస్తుంది. లెక్కల సారు భాగహారం చెబుతుండగా రెండుసార్లు వచ్చిందనుకోండి, ఆ పిల్లకు భాగహారం ఎలా వస్తుంది?

మా తొమ్మిదో తరగతిలో ఈ సంగతి చెబుతుంటే ఒకడు లేచి, "సార్, అప్పుడు గుండె కూడా ఆగుతుందా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. ఆగదు. గుండెనూ ఊపిరినీ చూసుకునే మెదడు కాండం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. గైర్హాజరయ్యేది తెలివి మాత్రమే.

మూర్ఛ అనగానే మనకు వేరే దృశ్యం గుర్తుకొస్తుంది. మనిషి పడిపోవడం, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ, చుట్టూ జనం, ఒకరు తాళంచేతుల గుత్తి చేతిలో పెట్టడం, ఇంకొకరు ఉల్లిపాయ వాసన చూపించడం. (తాళంచేతుల వల్ల మూర్ఛ ఆగదు. అది మామూలుగా రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే ఆగుతుంది, పేరు తాళంచేతులకు వస్తుంది.) అది మూర్ఛల్లో ఒక రకం. ఆ పెద్ద మూర్ఛ వస్తే ఊరంతా పోగవుతుంది, ఆసుపత్రికి కాకపోతే భూతవైద్యుడి దగ్గరికైనా తీసుకుపోతారు. ఈ చిన్న మూర్ఛకు ఆ భాగ్యం కూడా లేదు. ఎవరూ చూడరు కనుక ఎక్కడికీ తీసుకుపోరు. పిల్లకు దక్కేది మొట్టికాయ.

మా భద్రాచలం అడవి అంచున దీన్ని కనిపెట్టడం మరీ కష్టం. చర్ల, దుమ్ముగూడెం వైపు బడుల్లో ఎందరో పిల్లలకు ఇంటి భాష కోయ. ఒకటో తరగతి తెలుగు పాఠంలో పిల్ల శూన్యంలోకి చూస్తే "భాష అర్థంకాక అలా చూస్తోంది" అనుకుంటాం. చాలాసార్లు ఆ మాట నిజమే. అందుకే నిజం కాని రోజున కూడా మనకు అనుమానం రాదు. పైగా ఇది మలేరియా ఉన్న ప్రాంతం. జ్వరం తగ్గిన నీరసం కాబోలు అనుకుంటాం, ఒంట్లో రక్తం తక్కువేమో అనుకుంటాం. ఆశ్రమ పాఠశాలలో ఉండే పిల్లలయితే అమ్మ కంటికి దూరం. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయిందని గమనించేది అమ్మే కదా!

తేడా తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. భాష అర్థంకాని పిల్లను కోయలో పిలవండి, పలుకుతుంది. పరధ్యానంలో ఉన్నవాడి భుజం తట్టండి, ఉలిక్కిపడతాడు. ఆబ్సెన్స్ వచ్చిన పిల్ల ఆ క్షణాన ఏ భాషలో పిలిచినా పలకదు, తట్టినా తెలియదు. ఇంకొక సంగతి. పరధ్యానం విసుగు పుట్టినప్పుడు వస్తుంది. ఇది వామనగుంటలు ఆడుతూ గెలుస్తున్నప్పుడు కూడా వస్తుంది, గింజలు పంచుతున్న చెయ్యి సగంలో ఆగిపోతుంది.

గీతలు చెప్పిన సాక్ష్యం

నాడీకణాలు విద్యుత్తుతో మాట్లాడుకుంటాయని మీరు చదివే ఉంటారు. ఆ విద్యుత్తును తల పైనుంచే పట్టి కాగితం మీద గీతగా గీయవచ్చని చూపినవాడు జర్మనీలోని యేనా నగరపు వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో మొదటిసారి మనిషి మెదడు అలలను నమోదు చేశాడు. నమ్మకం కుదరక అయిదేళ్ళు దాచుకుని 1929లో ప్రకటించాడు. దాన్నే ఇ.ఇ.జి. అంటున్నాం. షాక్ ఇచ్చే యంత్రమేమో అని చాలామంది పిల్లలు భయపడతారు. అది మెదడుకు విద్యుత్తు పంపదు, మెదడు నుంచి వచ్చేదాన్ని వింటుంది, అంతే. గుండెకు స్టెతస్కోపు ఎలాగో అలాగన్నమాట.

1935లో అమెరికాలోని బోస్టన్‌లో గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆబ్సెన్స్ ఉన్నవారికి ఈ పరీక్ష చేశారు. మామూలుగా ఎగుడుదిగుడుగా, గజిబిజిగా సాగే గీత ఉన్నట్టుండి మారిపోయింది. ఒక పదునైన మొన, దాని వెంట ఒక గుండ్రని అల. మళ్ళీ మొన, మళ్ళీ అల. సెకనుకు 3 చొప్పున, కొలిచి గీసినట్టు. కొన్ని సెకన్ల తరువాత అది ఆగి మళ్ళీ పాత గజిబిజి వచ్చింది. ఆ కొద్ది సెకన్లే మనిషి పిలిస్తే పలకని సెకన్లు.

మెదడు గీత అందంగా, క్రమంగా ఉండటం ఆరోగ్యం కాదన్నమాట! సంతలో వందమంది వంద మాటలు మాట్లాడుతుంటే గోలగా ఉంటుంది, కాని బేరాలు జరుగుతాయి. అందరూ కలిసి ఒకే కేక లయగా వేయడం మొదలుపెడితే వినసొంపుగా ఉండవచ్చు, బేరాలు మాత్రం ఆగిపోతాయి.

జబ్బు ఏమిటో తెలిసింది. మరి మందు? అప్పటికే మూర్ఛకు బ్రోమైడు లవణాలు ఉన్నాయి, 1912 నుంచి ఫినోబార్బిటాల్ ఉంది. 1938లో మెరిట్, పుట్నమ్ అనే వైద్యులు ఫినిటాయిన్ తెచ్చారు. పిల్లుల మెదడుకు విద్యుత్తు తగిలించి మూర్ఛ తెప్పించి, దాన్ని ఏ రసాయనం ఆపుతుందో ఒక్కొక్కటే పరీక్షించి పట్టుకున్నారు. పెద్ద మూర్ఛకు అది గొప్ప మందు. గైర్హాజరు మూర్ఛకు మాత్రం పనిచేయలేదు. కొందరికి ఎక్కువ కూడా చేసింది. పేరు ఒకటే, జబ్బులు రెండు. కనుక మందులను పరీక్షించడానికి ఇంకొక ఉపాయం కావలసి వచ్చింది. ఆ ఉపాయం, మీరు నమ్మండి నమ్మకపొండి, హారతి కర్పూరం దగ్గర మొదలయింది.

కర్పూరం కథ

శ్రీరామనవమికి భద్రాచలం వచ్చినవారికి కర్పూరం సంగతి చెప్పనక్కరలేదు. అంగడి వీధిలో ఏ దుకాణంలో చూసినా పొట్లాలే. కర్బనం 10, ఉదజని 16, ఆమ్లజని 1 పరమాణువులు గల సమ్మేళనం అది. (ఉదజని, ఆమ్లజని అంటే మీ పుస్తకంలోని హైడ్రోజన్, ఆక్సిజన్‌లే. మాకు అలవాటయిన పేర్లు ఇవి.) చూడటానికి పటికబెల్లంలా తెల్లగా ఉంటుంది. అందుకే చిన్నపిల్లలు నోట్లో వేసుకుంటారు. అది మింగితే కొద్ది నిమిషాల్లోనే మూర్ఛ రావచ్చు. పసిపిల్లలకు ఒక గ్రాము కూడా ప్రాణం మీదికి తేగలదు. సారపాక కాగితపు మిల్లు కోసం మా చుట్టుపక్కల జామాయిల్ తోటలు పెంచుతారు. ఆ జాతి ఆకుల నుంచి తీసే నీలగిరి తైలం కూడా కడుపులోకి పోతే ఇంతే. జలుబుకు వాసన చూసే సీసాను తమ్ముడికి అందనిచోట పెట్టండి.

కర్పూరం మూర్ఛ తెప్పిస్తుందని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. 1934లో హంగరీ వైద్యుడు మెడూనా తీవ్రమైన మనోవ్యాధి ఉన్నవారికి నూనెలో కరిగించిన కర్పూరం ఇంజెక్షన్ ఇచ్చాడు. మూర్ఛ ఉన్నవారికి ఆ మనోవ్యాధి రాదని, కనుక మూర్ఛ తెప్పిస్తే మనోవ్యాధి పోతుందని ఆయన ఊహ. ఆ ఊహకు ఆధారం గట్టిది కాదు. పైగా కర్పూరం ఎప్పుడు పనిచేస్తుందో చెప్పలేం, నొప్పి కూడా ఎక్కువ. అందుకని ఆయన దాని స్థానంలో పెంటిలీన్‌టెట్రజోల్ అనే కృత్రిమ రసాయనం వాడాడు. గుండెకు బలమిస్తుందని కార్డియజోల్ అనే పేరుతో అప్పటికే అమ్ముతున్నదే అది. సూది వేసిన కొద్ది సెకన్లలోనే మూర్ఛ వచ్చేది. రోగులు దాన్ని తలచుకుంటేనే భయపడేవారట. ఆ వైద్యం తరువాత మూలపడింది, పడటమే మంచిదయింది.

కాని రసాయనం మిగిలింది. ప్రయోగశాలలో ఎలుకకు దాన్ని ఇస్తే మూర్ఛ ఖాయం. అయితే ముందుగా వేరొక మందు ఇచ్చి తరువాత దీన్ని ఇస్తే? మూర్ఛ రాకపోతే ఆ ముందు ఇచ్చినదానిలో ఏదో గుణం ఉన్నట్టే కదా! 1944లో ఎవరెట్, రిచర్డ్స్ అనే శాస్త్రజ్ఞులు ఇలాగే పరీక్షించగా ట్రైమెథాడయోన్ అనే సమ్మేళనం ఎలుకలను కాపాడింది. నొప్పులు తగ్గించే మందుల కోసం వెతుకుతూ తయారుచేసిన పదార్థం అది. 1945లో లెన్నాక్స్ (1935 నాటి ఆ లెన్నాక్సే) దాన్ని ఆబ్సెన్స్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. పదేళ్ళుగా ఏ మందుకూ లొంగని ఆ మూడు అలల మూర్ఛ తగ్గింది. విద్యుత్తుతో చేసే పరీక్షలో నెగ్గిన ఫినిటాయిన్ పెద్ద మూర్ఛకు పనిచేసింది. రసాయనంతో చేసే పరీక్షలో నెగ్గినది చిన్న మూర్ఛకు పనిచేసింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ట్రైమెథాడయోన్ వాడినవారికి వెలుతురులోకి వస్తే కళ్ళు జిగేలుమని అన్నీ మంచు కప్పినట్టు తెల్లగా కనిపించేవి. అది చిన్న బాధే. కొందరికి రక్తకణాలు తయారవడం ఆగిపోయేది, కొందరికి మూత్రపిండాలు చెడేవి. గర్భిణులు వాడితే పుట్టే బిడ్డలకు అవయవ లోపాలు వచ్చేవి. పది సెకన్ల గైర్హాజరును తప్పించడానికి ఇంత మూల్యం ఎలా చెల్లిస్తాం?

ఒక ఆమ్లజనిని మార్చితే

ఇప్పుడు రసాయనికుల పని మొదలయింది. ట్రైమెథాడయోన్ అణువులో అయిదు పరమాణువుల ఉంగరం ఒకటి ఉంటుంది. మూడు కర్బనాలు, ఒక నత్రజని, ఒక ఆమ్లజని. ఆ ఉంగరంలోని ఆమ్లజనిని తీసేసి, అక్కడ ఒక కర్బనాన్నీ దానికి తగిలిన రెండు ఉదజనులనూ పెడితే ఏమవుతుంది? అప్పుడు సక్సినిమైడ్ అనే కుటుంబం వస్తుంది.

ఈ పేరు వెనక ఒక ముచ్చట ఉంది. సక్సినం అంటే లాటిన్ భాషలో అంబర్. కోట్ల సంవత్సరాల క్రితం చెట్ల నుంచి కారిన జిగురు భూమిలో గట్టిపడితే ఏర్పడే పసుపు రాయి అది. దాన్ని కాల్చి బట్టీపడితే దొరికిన ఆమ్లానికి సక్సినిక్ ఆమ్లమని పేరొచ్చింది. ఇప్పుడు అంబర్‌ను వెతకనక్కరలేదు. మీ ఒంట్లో ఊపిరి పీల్చే ప్రతి కణంలోనూ, ఆహారం నుంచి శక్తి తీసే క్రమంలో, సక్సినిక్ ఆమ్లం క్షణక్షణం తయారై ఖర్చవుతోంది. పై తరగతుల్లో క్రెబ్స్ వలయం వచ్చినప్పుడు గుర్తుచేసుకోండి.

అమెరికాలో డెట్రాయిట్‌లోని పార్క్ డేవిస్ కంపెనీ రసాయనికులు సక్సినిమైడ్ ఉంగరానికి రకరకాల చేతులు తగిలించి చూశారు. బెంజీను వలయం ఉన్న ఫెన్‌సక్సిమైడ్ 1953లో వచ్చింది, దాని తమ్ముడు మెథ్‌సక్సిమైడ్ 1957లో. పరవాలేదనిపించాయి, అంతే. ఆ బరువైన వలయం తీసేసి ఒకే కర్బనానికి ఒక మిథైల్, ఒక ఇథైల్ సమూహాలను తగిలించిన మూడోది ఎథోసక్సిమైడ్. 1958లో జిమ్మర్‌మన్, బర్గమైస్టర్ అనేవారు పిల్లల్లో దాని గుణాన్ని ప్రకటించారు. 1960లో అమెరికాలో మందుగా వచ్చింది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ట్రైమెథాడయోన్‌లో కర్బనం 6, ఉదజని 9, నత్రజని 1, ఆమ్లజని 3. ఎథోసక్సిమైడ్‌లో కర్బనం 7, ఉదజని 11, నత్రజని 1, ఆమ్లజని 2. ఒక ఆమ్లజని పోయి, ఒక కర్బనం, రెండు ఉదజనులు వచ్చాయి. అణుభారాలు లెక్కకట్టండి. మొదటిది 143, రెండోది 141 వస్తుంది. తేడా రెండే! కాని కంటికి మంచు కప్పే గుణం పోయింది, మూత్రపిండాల బెడదా దాదాపు పోయింది. కడుపులో వికారం, ఎక్కిళ్ళు, మగత వంటివి కొందరికి వస్తాయి. అరుదుగా రక్తంలోనో చర్మం మీదనో కీడు చేయవచ్చు కనుక వైద్యుడి కన్ను ఉండాలి. ఈ మందు పెద్ద మూర్ఛను ఆపలేదని కూడా గుర్తుంచుకోవాలి.

జంక్షన్‌లో ఏం జరుగుతుంది?

మందు పనిచేస్తోందని 1960 నాటికే తెలుసు. ఎందుకు పనిచేస్తోందో తెలియడానికి ఇంకా 29 ఏళ్ళు పట్టింది. వైద్యశాస్త్రంలో ఇది వింత కాదు.

మెదడు నడిమధ్యన థాలమస్ అనే భాగం ఉంది. మీరు డోర్నకల్ జంక్షన్ చూశారా? కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌కు పోవాలన్నా, మణుగూరుకు పోవాలన్నా ప్రధాన లైను నుంచి రైలు అక్కడే మళ్ళాలి. థాలమస్ అలాంటి జంక్షన్. కన్ను, చెవి, చర్మం పంపే కబుర్లన్నీ (ఒక్క వాసన తప్ప) అక్కడ ఆగి, అక్కడి నుంచే మెదడు పైపొర అయిన కార్టెక్సుకు పోతాయి. మనం మెలకువగా ఉన్నంతసేపూ ఏ కబురును ఆ లైనులోకి పంపుతుంది. గాఢనిద్రలో మాత్రం ఈ జంక్షన్, పైపొర కలిసి ఒక లయలో ఊగుతాయి, బయటి కబుర్లు లోపలికి పోవు. ఆబ్సెన్స్‌లో మనిషి మెలకువగా ఉండగానే ఆ రెండూ ఊగడం మొదలుపెడతాయి. డిక్టేషన్ మాటలు చెవిదాకా వచ్చి, జంక్షన్ దగ్గరే నిలిచిపోతాయి.

ఊపు ఎక్కడి నుంచి వస్తోంది? థాలమస్ కణాల గోడల్లో కాల్షియం అయానులు లోపలికి రావడానికి సన్నని ద్వారాలుంటాయి. వాటిలో టీ రకం అనేదానికి ఒక వింత గుణం ఉంది. కణం కాసేపు అణిగి ఉంటేనే దాని గడియ తీసుకుంటుంది. ఆ తరువాత కొంచెం కదలిక వచ్చినా భళ్ళున తెరుచుకుంటుంది, వెంటనే మూసుకుంటుంది. తెరుచుకున్న ఆ క్షణంలో కణం వరసగా సంకేతాలు పేలుస్తుంది. ఆ సంకేతాలు పైపొరను లేపుతాయి, పక్కనున్న అణిచే కణాలనూ లేపుతాయి. ఆ అణిచే కణాలు మొదటి కణాన్ని మళ్ళీ అణుస్తాయి. అణగగానే గడియ మళ్ళీ తీసుకుంటుంది! ఊయల వెనక్కి వచ్చినప్పుడల్లా ఎవరో ఒక తోపు తోస్తున్నట్టన్నమాట.

1989లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కౌల్టర్, హ్యూగెనార్డ్, ప్రిన్స్ అనే శాస్త్రజ్ఞులు థాలమస్ కణాలను విడదీసి, వాటిలోకి పోయే కాల్షియం విద్యుత్తును కొలిచారు. పిల్లల రక్తంలో మందు ఎంత ఉంటుందో అంతే ఎథోసక్సిమైడ్ కలిపితే టీ రకం ద్వారాల నుంచి వచ్చే ప్రవాహం తగ్గింది. పూర్తిగా ఆగలేదు, తగ్గింది. తోపు బలం తగ్గితే ఊయల దానంతటదే నిలుస్తుంది. సోడియం ద్వారాల మీద కూడా ఈ మందుకు ప్రభావముందని తరువాత కొందరు చూపారు. ఆ చర్చ ముగిసిపోలేదు.

పాత మందుకు కొత్త పోటీ

ఎథోసక్సిమైడ్‌కు పోటీగా వచ్చినది వాల్‌ప్రోయిక్ ఆమ్లం. దీన్ని 1882లోనే బర్టన్ అనే రసాయనికుడు తయారుచేశాడు. 80 ఏళ్ళపాటు అది ప్రయోగశాలల్లో ఇతర పదార్థాలను కరిగించే ద్రవంగానే పడి ఉంది. 1962లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పియర్ ఎమార్ కొన్ని కొత్త సమ్మేళనాలను అందులో కరిగించి, పైన చెప్పిన పెంటిలీన్‌టెట్రజోల్ పరీక్ష పెట్టించాడు. కరిగించినవన్నీ నెగ్గాయి! అన్నీ నెగ్గాయంటే అనుమానించవలసింది వాటిని కాదు, కరిగించిన ద్రవాన్ని. 1967కల్లా అది ఫ్రాన్సులో మందయింది. పెద్ద మూర్ఛ, చిన్న మూర్ఛ రెండింటికీ పనికొస్తుంది కనుక చాలా దేశాల్లో వైద్యులు దానివైపు మొగ్గారు. 1990లలో లామోట్రిజిన్ అనే మూడో మందు కూడా చేరింది.

మూడింటిలో ఏది మేలు? ఇష్టాయిష్టాలతో తేలే ప్రశ్న కాదు ఇది. అమెరికాలో 32 ఆసుపత్రుల్లో 453 మంది పిల్లలను చీటీలు తీసినట్టు మూడు జట్లుగా చేసి, ఎవరికి ఏ మందు ఇస్తున్నారో పిల్లలకూ చూసే వైద్యులకూ తెలియకుండా వాడి చూశారు. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. 16 వారాల తరువాత మందు పనిచేసి, ఇబ్బంది పెట్టకుండా నిలిచినది ఎథోసక్సిమైడ్ జట్టులో నూటికి 53 మందికి, వాల్‌ప్రోయిక్ ఆమ్లం జట్టులో 58 మందికి, లామోట్రిజిన్ జట్టులో 29 మందికి. మొదటి రెండింటి మధ్య తేడా లెక్కకు వచ్చేది కాదు.

నన్ను ఆకట్టుకున్నది ఆ తరువాత వారు చేసిన పని. మూర్ఛ తగ్గిందా లేదా అని చూసి ఊరుకోలేదు, పిల్లల ఏకాగ్రతను కూడా పరీక్షించారు. వాల్‌ప్రోయిక్ ఆమ్లం వాడినవారిలో నూటికి 49 మందికి ఏకాగ్రత లోపం కనిపిస్తే, ఎథోసక్సిమైడ్ వాడినవారిలో 33 మందికే కనిపించింది. బడిపిల్లకు ఇది చిన్న తేడా కాదు. వాల్‌ప్రోయిక్ ఆమ్లానికి ఇంకొక చిక్కు ఉంది. గర్భిణులు వాడితే బిడ్డకు హాని చేస్తుంది. ఆడపిల్లలకు ఆ మందు రాసేటప్పుడు వైద్యులు ముందుచూపుతో ఆలోచిస్తారు. అలా 1960 నాటి పాత మందే, పెద్ద మూర్ఛ లేని పిల్లలకు మొదట వాడవలసినదని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ అది ఉంది. మన చిన్న పట్టణాల దుకాణాల్లో మాత్రం అడగగానే దొరికే సరుకు కాదు.

మీరు చేయగలిగింది

మీ తరగతిలోనో, హాస్టల్లోనో, ఇంట్లో చెల్లెలిలోనో ఇలాంటిది కనిపిస్తే జబ్బు పేరు పెట్టకండి, అది వైద్యుడి పని. ఎగతాళి అసలే వద్దు. మూర్ఛ అన్న మాట మన సమాజంలో ఎంత బరువైనదో పెద్దలనడగండి. హిందూ వివాహ చట్టం నుంచే ఆ మాటను 1999లో గాని తీసివేయలేదు. మీరు చేయవలసింది రాసిపెట్టడం. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా ఆగింది, మనసులో లెక్కపెడితే ఎన్ని అంకెలయ్యాయి, పిలిస్తే పలికిందా, కళ్ళు ఎలా ఉన్నాయి. వారం రోజుల కాగితాన్ని టీచరుకు, ఇంటివారికి ఇవ్వండి. వైద్యుడి ఎదుట ఆ పిల్ల తన జబ్బు గురించి ఏమీ చెప్పలేదు, ఆమె అప్పుడు అక్కడ లేదు మరి! చూసినవారి మాటే ఆధారం. వీలైతే పెద్దవారు ఫోనులో వీడియో తీసి పట్టుకెళ్ళడం ఇంకా మేలు.

వైద్యం కుదిరేదాకా ఆ పిల్లను గోదావరిలో ఒంటరిగా దిగనివ్వకూడదు. రెండు బారల లోతులో పది సెకన్లు చాలా ఎక్కువ. పొయ్యి దగ్గర, చెట్టు కొమ్మ మీద, సైకిలు మీద కూడా జాగ్రత్త కావాలి.

వైద్యుడు ఏం చేస్తాడు? పిల్ల చేతికి ఒక కాగితపు గాలిమర ఇచ్చి ఆపకుండా ఊదమంటాడు. మూడు నిమిషాలు గట్టిగా ఊదేసరికి రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ఆబ్సెన్స్ ఉండి మందు పడని పిల్లల్లో చాలామందికి ఆ ఊదుడులోనే అది వచ్చేస్తుంది. గాలిమర ఆగుతుంది, చూపు నిలుస్తుంది. (ఇది మీరు ఆటగా చేయవలసిన పరీక్ష కాదు.) తరువాత ఇ.ఇ.జి. తీస్తారు. జిల్లా ఆసుపత్రిలో ఆ వసతి లేకపోతే హైదరాబాదు నిమ్స్ వంటి చోటికి పంపుతారు. ఇంత వెతకడం దేనికంటే, ఏ రకం మూర్ఛో తేల్చకుండా కార్బమజెపైన్ వంటి మందు ఇస్తే ఆబ్సెన్స్ తగ్గకపోగా పెరుగుతుంది.

మందు మొదలుపెట్టాక మూర్ఛలు లేకుండా సుమారు రెండేళ్ళు గడిస్తే వైద్యుడు మెల్లమెల్లగా తగ్గించి ఆపుతాడు. మనంతట మనం ఆపకూడదు. ఎదిగే వయసుకు చాలామందికి ఈ జబ్బు పోతుంది, కొందరికి వేరే రకం మూర్ఛగా మారుతుంది. ఎందుకు పోతుందో, ఎందుకు మారుతుందో పరిశోధన సాగుతూనే ఉంది.

ఆ 453 మంది పిల్లలను ఏడాది దాకా గమనించి 2013లో మళ్ళీ లెక్క చెప్పారు. ఎథోసక్సిమైడ్‌తోనే గట్టెక్కినవారు నూటికి 45 మంది. మిగతావారికి మందు మార్చవలసి వచ్చింది. ఎవరికి ఏది పడుతుందో ముందే తెలుసుకోగలమా? కాల్షియం ద్వారాలను తయారుచేసే జన్యువుల్లోని తేడాలకూ మందు పనిచేయడానికీ సంబంధం ఉన్నట్టు 2017లో కొంత ఆధారం దొరికింది. అది ఇంకా రోజూ ఆసుపత్రిలో చేసే పరీక్ష కాలేదు. ప్రస్తుతానికి వైద్యుడు ఒక మందు రాసి, కొన్ని వారాలు ఆగి, పిల్లను మళ్ళీ పిలిపించి, చేతికి గాలిమర ఇచ్చి ఊదమంటాడు.